దర్వాజ మీద ఆగిన గోడ

నాకు పిరికితనం పుట్టుకతో వచ్చింది. పిల్లి ఎదురొస్తే పని మానుకునే రకం నేను. అలాంటి నన్ను తన భర్త వెంట కువైట్ పంపుతూ అక్క "బావను పైలంగ సూస్కో" అంది. ఎవర్ని ఎవరు చూసుకోవాలో ఈమెకు తెలియదా అని అప్పుడు నవ్వుకున్నాను.

మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, కఫీల్‌కు సులైబియాలో తోట ఉంది. పూర్వం అమెరికాలో జనం అడవుల్లో కట్టుకున్న దుంగల ఇల్లు ఫోన్‌లో చూసి, అచ్చం అలాంటిదే తోటలో కట్టమన్నాడు. మేకు లేదు, సిమెంటు లేదు. దుంగ చివర గాడి చెక్కి, అందులో అడ్డంగా ఇంకో దుంగ కూర్చోబెట్టుకుంటూ పోవడమే. బావ పెద్ద వడ్రంగి, నేను ఆయన చేతికింద మనిషిని. కఫీల్ ఫోన్‌లో చూపిన వీడియోలో వాళ్లు గోడలు లేచాక తలుపుకు సందు కోసుకున్నారు, పైన కొంత ఖాళీ కూడా వదిలారు. ఆ మాటే బావకు చెప్పాను.

"దర్వాజ నిలవెట్టకుంట ఇల్లు ఎట్ల గడ్తరు రా?" అన్నాడు.

ముందు దర్వాజే, అంటే తలుపు బిగించే చట్రమే, నిలబెట్టాం. కింద నవధాన్యాలు పోసి, గడపకు పసుపు రాసి, దాని చుట్టూ బిగువుగా దుంగలు పేర్చాం. ఆ గడప మీద కాలు పెడితే ఆయన నన్ను తిట్టని తిట్టు లేదు.

దుంగలు పచ్చివి. ఇక్కడి ఎండకు ఎండి సన్నబడ్డాయి. గోడ మూలల దగ్గర కిందికి దిగింది గానీ, నిలువు చెక్క పొడవు తగ్గదు కదా, తలుపు పై గోడంతా దర్వాజ నెత్తిన ఆగిపోయింది. లోపలికి వెళ్తే టప్ టప్‌మని కర్ర పగిలే చప్పుడు. నాకు అన్నం సయించలేదు. శుక్రవారం పిల్లలతో వచ్చి ఇందులోనే పడుకుంటానన్నాడు కఫీల్.

"బావా, వద్దని జెప్పుదాం."

"పసిపోరగాండ్లు పండుకుంటరు. దర్వాజ నెత్తి కోస్తే గోడ దిగి కూసుంటది. నేన్ వెట్టిన దర్వాజ, నేనే కోస్త."

రెండు పక్కలా లారీ జాకీలు పెట్టి పై దుంగను ఎత్తిపట్టాం. రంపం తీసుకుని బావ గడపెక్కి నిలబడ్డాడు. అదే గడప. ఆయన తల దుంగకు దాదాపు తగులుతోంది. నా చూపు ఆయన ముఖం మీదే ఉంది.

"నువ్వు జాకి సూడు, నా మొకం సూడకు" అన్నాడు.

ఒక పక్క నిలువు చెక్క కోత అయిపోయింది. రెండో పక్క సగంలో ఉండగా, నా పక్క జాకీ కింది పలక ఇసుకలో దిగబడుతోంది. బావ నడుం బెల్టు దొరకబుచ్చుకుని వెనక్కి లాగాను. ఇద్దరం ఇసుకలో పడ్డాం. ధడేల్‌మని గోడ దిగింది. దర్వాజ పై చెక్క రెండు ముక్కలై, బావ తల ఉన్నచోట వేలాడింది.

దుమ్ము తగ్గాక చూస్తే దుంగల మధ్య చీమ దూరే సందు లేదు. బావ నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. ఎండలో పనా అని అడిగింది.

"లేదు. పొద్దంత దర్వాజ కాడనే ఉన్న" అన్నాడు బావ.

"నీడపట్టునే ఉన్నవన్నట్టు. మంచిగయింది. తమ్మునికియ్యి."

ఫోన్ తీసుకున్నాను. అరచేతిలో బెల్టు కోసిన చోట ఇంకా మండుతోంది.

"బావను సూస్కుంటున్నవా రా?"

ఊఁ అన్నాను. ఇంకొక్క మాట పలికితే ఏడ్చేస్తానని భయమేసింది.