పెద్దాయన వెనక నిలబడ్డ అమ్మ

మొన్న వీడియో కాల్‌లో గోడ మీది పటం చూసి, "అవ్వా, మీ అమ్మ ఫోటో ఎందుకంత మసగ్గా ఉంది?" అని అడిగారు కదా. చెప్పబోతుంటే సిగ్నల్ పోయింది. ఆ ఫోటో తీసింది నా తమ్ముడే పిల్లలూ. తీసినట్టు వాడికే తెలియదు.

వాడు ఢిల్లీలో పేపరు ఫోటోగ్రాఫరు. మంత్రులు ప్రమాణం చేస్తున్నా, పార్టీలు చీలుతున్నా వాడి కెమెరా అక్కడ ఉండాల్సిందే. మా ఊరు అర్ధవీడుకు వచ్చే బస్సు డ్రైవరు మార్కాపురంలో పేపరు కొని తెచ్చి ఇచ్చేవాడు. అమ్మ మంత్రిని చూసేది కాదు, ఫోటో కింద అచ్చయిన కొడుకు పేరును వేలితో తడిమేది. ఏడాదికోసారి ఇంటికొచ్చినా వాడు అమ్మకు ఫోటో తీయలేదు. "ఇది ఆఫీసు రీలమ్మా, ఇంటికి వాడకూడదు. ఈతూరి వచ్చేటప్పుడు సొంత రీలు తెస్తాలే," అనేవాడు. "తేరా నాయనా, నేనేడికి పోతా," అని అమ్మ నవ్వేది.

అమ్మ పోయింది. వాడు రెండు రైళ్లు మారి వచ్చేసరికి అంతా అయిపోయింది. పెద్దకర్మకు దండ వేద్దామంటే పటం లేదు. మా మేనమామ అందరి ముందూ అనేశాడు: "ఏందిరా అల్లుడా, దేశంలో మంత్రులందర్నీ పట్టినావు, కన్నతల్లి మొగం పట్టలేకపోయినావా?" ఉత్త దీపం పెట్టి కర్మ కానిచ్చాం.

ఆ సాయంత్రం నేనే వాడికి చెప్పాను.

"ఆరేండ్ల కింద ఆ ఢిల్లీ మంత్రి, అదే ఆ పెద్దాయన, మార్కాపురం మీటింగుకు వచ్చినప్పుడు, ఆయనెంట వస్తాండా గానీ ఇంటికి రానీకి తీరదని జాబు రాసినావు గదరా. అమ్మా నేనూ బస్సెక్కి ఆడికే వచ్చినాం."

"మరి పిలవలేదేందక్కా?"

"నువ్వు ఆయన ముందర ఎనక్కి ఎనక్కి నడుస్తా ఫోటోలు తీస్తాంటివి. నేను నోరు తెరవంగానే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. పిలవాకే, తిరుక్కొని చూస్తే పడతాడు అనింది."

ఢిల్లీ పోయి, ఆ రోజు నెగెటివులన్నీ భూతద్దంతో వెతికాడట. ఒకదాంట్లో దొరికింది. పెద్దాయన వెనక, జనం రాకుండా కట్టిన తాడు అవతల అందరూ ఆయన్నే చూస్తుంటే, ఒక్క ఆడమనిషి నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నేరుగా కెమెరాలోకి చూస్తోంది. పక్కన నా భుజం మాత్రమే పడింది.

ఆ మొహం ఒక్కటే పెద్దది చేయించి తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. "ఫోకసు ఆయన మీద పెట్టినానక్కా," అన్నాడు.

ఆ రోజు వాళ్లిద్దరి మధ్య ఉన్నది ఇరవై గజాలు. అమ్మ చూపు ఆ ఇరవై గజాలూ దాటి వాడికి చేరడానికి ఆరేళ్లు పట్టింది.