లీదియా టీచర్ పరిశీలన

డెలానీపూర్ తెలుగు చర్చిలో సండేస్కూలు పిల్లలకు ఏ సినిమా వెయ్యాలన్నా ముందు లీదియా టీచర్ తనింట్లో చూసి సరేననాలి. డీవీడీని కొంగుతో తుడుస్తుంది. రిమోట్‌ని ప్లాస్టిక్ కవరు మీంచే నొక్కుతుంది. మంత్రదండం కనిపిస్తే మొహం చిట్లిస్తుంది. ఆమధ్య ఒక బొమ్మల సినిమాలో దేవకన్యలు మంత్రాలు వేస్తుంటే, "ఛీ, యే నహీ చలేగా, ఇది కుదరదు" అంది. అంతలో మిగతా దేవకన్యలందరూ ఎగిరిపోతుంటే, రెక్క విరిగిన చిన్న దేవకన్య ఒక్కతే వెనకాల నడిచింది. టీచర్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"పాసయిందా టీచరాంటీ?" గుమ్మంలోంచి అడిగింది పక్కింటి పాప ఏంజెలీనా.

"ఎక్కడే! మంత్రాలున్నాయి కదా. ఇంకోసారి చూడాలి. తలుపు తీసే ఉంచు."

ఆ పరిశీలన ఇంకా పూర్తికాలేదు. ప్రతి శనివారం అదే సినిమా మళ్లీ వేస్తుంది, ఆవిడ వెనకాల నేలంతా పిల్లలే. ఆవిడ మాత్రం వెనక్కి తిరిగి చూడదు.