కుడివైపు కాజాలు

సైన్యం గద్దెనెక్కిన ఏడాది వెలువడిన ఉత్తర్వుల్లో ఒకటి, మగతోడు లేని ఆడది వీధిలో కనిపించరాదని. అంతవరకు అన్నదమ్ములకూ మొగుళ్ళకూ తిండి సంపాదించిపెట్టిన ఆడవాళ్ళకు ఉన్నట్టుండి రక్షణ అవసరమైంది! ఎవరి నుంచి రక్షణ అని అడిగితే జైలే సమాధానం. కంచె చేను మేయడమంటే అదే.

మిషను పిన్ని ఆ ప్రశ్న అడగలేదు. ఆమె ఎవరినీ ఏమీ అడిగే మనిషి కాదు. మొగుడు పోయాక ఇంటి ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని, ఆస్పత్రి నర్సులకూ నూలుమిల్లు ఆడవాళ్ళకూ కోట్లు కుడుతూ బతికింది. ముందు మిషను, కత్తిరింపుల బల్ల, బొగ్గుల ఇస్త్రీపెట్టె. వెనకగదిలో మంచం, పొయ్యి. వీధి వీధంతా ఆమెకు వరస కలిపింది గాని, రక్తసంబంధం మాత్రం ఒక్కటే మిగిలింది. చనిపోయిన అక్క కూతురు. ఆ పిల్ల మిల్లులో నేతపని చేసేది. సైన్యం మిల్లు మూయించాక కరపత్రాలు పంచడం మొదలుపెట్టింది.

"పిన్నీ, నాకో మగచొక్కా కుట్టిపెట్టు. వదులుగా ఉండాలి," అంది ఒకనాడు.

"మీసాలు కూడా కుట్టమంటావా?"

"కుట్టగలిగితే కుట్టు, కాదంటానా!"

"నీకేమైనా అయితే మీ అమ్మకు ఏం జవాబు చెప్పుకోనే?"

"నీ అక్కేగా. నాలుగు తిట్టి ఊరుకుంటుందిలే."

పిన్ని చొక్కా కుట్టింది. కాలరు కుదిరింది, భుజాలు కుదిరాయి. కాజాల దగ్గర మాత్రం చెయ్యి తన దారిన తాను పోయింది. మగవాళ్ళ చొక్కాకు గుండీలు పట్టే కాజాలు ఎడమవైపు ఉంటాయి, ఆడవాళ్ళ కోటుకు కుడివైపు. బతుకంతా ఆడవాళ్ళకే కుట్టిన ఆ చెయ్యి కుడివైపే తెరిచింది. ఆమె గమనించలేదు. తొడుక్కున్న పిల్లా గమనించలేదు.

అచ్చుయంత్రం దాచిన షెడ్డు మీద సైనికులు పడ్డప్పుడు ఒకడు ఆ పిల్లను వీపున పట్టుకున్నాడు. ఆమె చొక్కాలోంచి జారిపోయి పరుగెత్తింది. చొక్కా వాడి చేతిలో మిగిలింది. మగవాడి కోసం ఊరంతా గాలించారు. చివరకు సైనికుల బట్టలు కుట్టే దర్జీ ఆ చొక్కాను ఒకసారి తిరగేసి, "మగవాణ్ణి వెతికితే ఎలా దొరుకుతాడయ్యా? ఇది ఆడవాళ్ళ బట్టలు కుట్టే చెయ్యి," అన్నాడు.

ఇన్‌స్పెక్టరు చొక్కా పట్టుకుని గుమ్మంలోకి వచ్చేటప్పటికి, అక్క కూతురు వెనకగదిలోనే ఉంది. సరిహద్దు దాటించే పత్తి లారీ కోసం కాచుకుని ఉంది. పిన్ని చొక్కా చేతిలోకి తీసుకుంది. కాజాలు కనపడ్డాయి. తన తప్పు అప్పుడు తెలిసింది.

"నేనే కుట్టానండీ!" అని అరిచింది.

"అరుస్తావేమమ్మా? మాకు చెవుడు లేదు."

"మిషను చప్పుడులో పెరిగిన గొంతు బాబూ, తగ్గమంటే తగ్గదు! పోలీస్ స్టేషనుకు రమ్మంటారా? వస్తాను పదండి!"

పెరటి తలుపు గడియ కదిలింది. ఆ చప్పుడు వినపడకుండా పిన్ని ఏడుపు లంకించుకుంది. అది దొంగ ఏడుపేమీ కాదు.

స్టేషనులో ఎవరికి కుట్టావని అడిగారు. తెలియదంది. కుడిచేతి వేళ్ళను బూటు మడమ కింద పెట్టి మళ్ళీ అడిగారు. లారీ సరిహద్దు చేరాలంటే పొద్దు గుంకాలి. కిటికీలో ఇంకా ఎండే ఉంది. మూడో వేలు విరిగాక ఆమె నోరు విప్పింది. క్వారీలో రాళ్ళు మోసే ఒక ఆడమనిషి పేరు చెప్పింది. దుమ్ముకు అడ్డంగా చొక్కా తొడుక్కునే మనిషి. కిందటి వేసవిలో ఊపిరితిత్తులు పాడై చచ్చిపోయింది. చచ్చినదాన్ని ఎవరేం చేయగలరు?

ఆనాటి పత్రికలు తిరగేసినవారికి ఒక్క వాక్యం దొరుకుతుంది: "కుట్టుపని చేయు స్త్రీని ప్రశ్నించి విడిచిపెట్టిరి." ప్రశ్నించడమంటే ఏమిటో ఆ వాక్యం రాసినవాడికి తెలుసు. రాయకపోవడమూ తెలుసు.

చచ్చినదానికి బతికున్న మొగుడున్నాడు. అతను రాళ్ళు కొట్టేవాడు. ఆ పాపానికి, పెళ్ళాం చొక్కా ఎవరికిచ్చావంటూ అతన్ని ఈడ్చుకుపోయారు. ఏమీ తెలియనివాడు ఏం చెబుతాడు? దాస్తున్నాడనుకుని మరింత కొట్టారు. కన్ను పోయి ఇల్లు చేరాడు. చావు తప్పి కన్ను లొట్టపోయిందని వీధిలో కొందరు నవ్వుకున్నారు కూడా! సామెతలు పుట్టించిన జాతికి సిగ్గు కూడా పుట్టి ఉంటే బాగుండేది.

కొన్నేళ్ళకు సైన్యం దిగిపోయింది. అక్క కూతురు తిరిగివచ్చింది, కొత్త శాసనసభలో సభ్యురాలై. వస్తూనే వంకరపోయిన ఆ వేళ్ళను చేతుల్లోకి తీసుకుంది.

"రేపటి సభలో నిన్ను వేదిక మీద కూర్చోబెడుతున్నాం పిన్నీ."

"ఏమని చెబుతారే నా గురించి?"

"చంపినా నోరు విప్పలేదని."

"విప్పాను."

"చచ్చినదాని పేరేగా..."

"మొగుడి కన్ను బతికుందిగా అప్పటికి."

"ఆ పేరు ఎవరు చెప్పారో అతనికి ఇప్పటికీ తెలియదు పిన్నీ. ఎందుకిప్పుడు కెలుక్కోవడం?"

"తెలియకుండా నేనెక్కి కూర్చుంటే అది వేదికవుతుందా తల్లీ?"

మర్నాడు జనమంతా సభకు పోతుంటే ఆమె క్వారీ దారి పట్టింది. రాళ్ళు కొట్టేవాడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె నిలబడే చెప్పింది, ఒక్క మాటా మింగకుండా. అతను ఉన్న ఒక్క కంటితో ఆమె వేళ్ళ వైపు చూశాడు.

"మీ పిల్ల దాటిందా?"

"దాటింది బాబూ."

అతను అరుగు దిగి గుమ్మంలోకి నడిచాడు.

"మంచిది," అన్నాడు. "ఇక మా గుమ్మం తొక్కకు."

ఆమె తొక్కలేదు. వేదిక కూడా ఎక్కలేదు.