ఏ సంవత్సరంలోనూ లేని డాక్టరు

2023 జనవరి ఆఖరు. టెక్సాస్‌లో ప్లేనో అనే ఊళ్ళో మా ఆఫీసు. మాది ఏటా ఒక లావుపాటి పుస్తకం వేసే చిన్న ప్రచురణ సంస్థ. ఆ ఏడాది అమెరికాలో జరిగిన ముఖ్యమైన సంఘటనలు ముందు సగం, చనిపోయిన ప్రముఖులు వెనక సగం. లైబ్రరీలు, స్కూళ్ళు, సిటీ ఆఫీసులు కొంటాయి. ఇంటర్నెట్ ఉండగా ఇంకా ఇదెవరికి కావాలని నన్ను చాలామంది అడిగారు. ఏదైనా తగాదా వస్తే బల్లమీద పెట్టి చూపించడానికి అచ్చులో ఒకటి ఉండాలి, అందుకే కొంటారు.

పద్దెనిమిదేళ్ళు నేను సంఘటనల పేజీలు చూశాను. మరణాల పేజీలు చూసే ఆవిడ రిటైరవడంతో 2022 వేసవిలో అవి కూడా నా నెత్తిన పడ్డాయి. తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందుల్లో స్నేహితులు నన్ను చిత్రగుప్తుడి చెల్లెలని ఆటపట్టించేవాళ్ళు. "మా పేరు రాసేముందు ఒక ఫోన్ కొట్టండి మేడమ్, ఇల్లు సర్దుకుంటాం" అనేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని.

ఈ పనిలో రెండు మాటలు ముఖ్యం. ఒకటి నోటబిలిటీ, అంటే చనిపోయిన మనిషి పుస్తకంలో ఉండదగ్గ వాడని పత్రికల్లో రుజువు దొరకడం. రెండోది లాక్. డిసెంబరు మొదటి వారంలో పేజీలు ప్రింటర్‌కి వెళ్ళిపోతాయి. ఆ తర్వాత కామా కూడా కదపడానికి వీల్లేదు.

ఆ రోజు ఫోన్ చేసినావిడ ముందు ఇంగ్లిష్‌లో మొదలుపెట్టి, నా పేరు విని తెలుగులోకి వచ్చింది. పేరు లీల. ఇక్కడే పుట్టి పెరిగిన అమ్మాయి, మాకు దగ్గరలోని కాపెల్‌లో స్కూల్ టీచర్.

"ఆంటీ, మా నాన్న డిసెంబర్ లాస్ట్ వీక్‌లో పోయారు. మీ బుక్‌లో చూశాను. నాన్న లేరు."

వాళ్ళ నాన్న డాక్టర్ వెంకటరత్నం. పశ్చిమ టెక్సాస్‌లో ఒక చిన్న పత్తి ఊళ్ళో నలభై ఏళ్ళు వైద్యం చేశాడు. విమానాలతో చేలమీద పురుగుమందు చల్లినప్పుడల్లా పిల్లలు ఊపిరాడక క్లినిక్‌కి వస్తుంటే, ఒక్కొక్కరి వివరమూ రాసిపెట్టి, రాష్ట్ర అధికారుల వెంటపడి, ఇళ్ళకీ బడులకీ దగ్గరలో మందు చల్లకూడదని నిబంధన తెప్పించాడు. ఆ నిబంధన గురించి మార్చి పేజీలో రాసింది నేనే. "ఒక స్థానిక వైద్యుని ఫిర్యాదుల మేరకు" అని రాశాను. చోటు చాలదని పేరు తీసేశాను.

లీల అసలు బాధ వేరే ఉంది. ఆయన పోయాక మూతపడ్డ క్లినిక్‌ని సిటీ కౌన్సిల్ మళ్ళీ తెరుస్తోంది. దానికి ఎవరి పేరు పెట్టాలన్నది మరుసటి ఏడాది ఫిబ్రవరిలో తేలుస్తారు. ఒకటి ఈయన పేరు. రెండోది, ఆ ఊళ్ళో మందు చల్లే విమానాల కంపెనీ పెట్టిన పెద్దమనిషిది. ఆయనా అదే ఏడాది పోయాడు, అక్టోబరులో. మా పుస్తకంలో ఆయనకి నాలుగు వాక్యాలున్నాయి. అవీ నేను రాసినవే.

"కౌన్సిల్‌లో ఒక మెంబర్ ఉన్నారు, ఆ కంపెనీ సైడ్. మీ బుక్ చూపించి, నేషనల్ ఫిగర్ అంటే ఈయన, మీ డాక్టర్ కాదు అంటున్నారు. మేము పాత న్యూస్‌పేపర్లు వెతికి, పేషెంట్స్‌తో సైన్ చేయించి కౌన్సిల్‌కి ఇవ్వాలా ఆంటీ?"

"అంత హైరానా ఎందుకమ్మా? లాక్ అయ్యాక పోయారు కాబట్టి ఈ పుస్తకంలో రాలేదు. వచ్చే ఏడాది పుస్తకంలో తప్పకుండా వస్తారు. కౌన్సిల్ మీటింగ్‌కి ముందే అది వాళ్ళ చేతిలో ఉంటుంది. నేను చూసుకుంటాను, నువ్వు నిశ్చింతగా ఉండు."

ఆ మాట నేను ఎవరినీ అడగకుండా అన్నాను. పాత ఫైలు ఒక్కటి తెరవలేదు. మనింటి పిల్ల ఏడుస్తుంటే మనం అనే మాట అది. ఆ పూటకి ఏడుపు ఆగితే చాలు మనకి.

నవంబరులో డాక్టరుగారి గురించి ఆరు వాక్యాలు రాసి, రుజువులన్నీ జతచేసి పంపాను. మా మేనేజింగ్ ఎడిటర్ కెవిన్ దాన్ని కొట్టేసి పక్కన రాశాడు: చనిపోయింది ఈ సంవత్సరం కాదు.

అతని గదికి వెళ్ళాను.

"మరి పోయినేడాది పుస్తకంలో లేడు కదా?"

"లాక్ అయ్యాక పోయాడు."

"అయితే ఆయన ఎందులో ఉండాలి?"

కెవిన్ భుజాలెగరేశాడు. "దురదృష్టం. జనవరి ఒకటి నుంచి లాక్ దాకా, అదీ మన పద్ధతి. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు."

"చచ్చిపోయినవాళ్ళు ఫోన్ చేసి అడగరు కెవిన్."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ సాయంత్రమే పాత పుస్తకాలు తిరగేశాను. డిసెంబరులో, లాక్ తర్వాత పోయినవాళ్ళు ఒక్కరూ లేరు. అలా జారిపోయినవాళ్ళలో ఒక జడ్జి, ఒక వంతెనల ఇంజనీరు, స్కూలు బస్సుల్లో బెల్టుల కోసం కొట్లాడిన ఒక తల్లి ఉన్నారు. ప్రతి ఏటా మూడు వారాలకి పైగా ఈ దేశంలో పేరున్నవాళ్ళెవరూ పోలేదన్నట్టుగా వేశాం పుస్తకాలు. కెవిన్‌కి ఆ జాబితా పంపితే, పరిశీలిస్తాం అని ఒక ముక్క జవాబు వచ్చింది.

లీలకి ఫోన్ చేసి చెప్పాను.

"మీరు చెప్పారని వెయిట్ చేశాం ఆంటీ. నాన్న పేషెంట్స్ చాలామంది ఓల్డ్. ఈ ఇయర్‌లో కొందరు పోయారు. కొందరు మూవ్ అయిపోయారు. ఇప్పుడు ఎవరితో సైన్ చేయించాలి?"

ఆ పిల్ల నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తప్పు ఎలా జరిగిందో వివరిస్తూ ఉత్తరం రాసి ఆఫీసు లెటర్‌హెడ్ అడిగాను. సంస్థ లాయర్ ఒప్పుకోడన్నాడు కెవిన్. ఫిబ్రవరిలో నేనే ఐదు గంటలు డ్రైవ్ చేసుకుని ఆ ఊరు వెళ్ళాను.

కౌన్సిల్ మీటింగుల్లో ఎవరైనా లేచి మాట్లాడవచ్చు, మూడు నిమిషాలే టైము. మైకు ముందు నిలబడి, ఆ పుస్తకం తయారుచేసేది నేనేననీ, డాక్టరుగారు లేకపోవడం మా తేదీల తప్పేననీ, మార్చి పేజీలోని స్థానిక వైద్యుడు ఆయనేననీ చెప్పాను. లీల చెప్పిన ఆ కౌన్సిల్ సభ్యుడు మర్యాదగా నవ్వాడు. అతని ముందు మా పుస్తకాలు రెండున్నాయి.

"మీరు మీ సంస్థ తరఫున మాట్లాడుతున్నారా మేడమ్?"

"లేదు. నా తరఫున."

"అయితే సంస్థ మాట ఇదిగో, అచ్చులో ఉంది. ఒక్క ఏడాది కాదు, రెండేళ్ళు." రెండు పుస్తకాలూ ఎత్తి అందరికీ చూపించాడు.

అతని చేతిలో ఉన్నది నా చేతి పని. ఒళ్ళు మండిపోయింది. మైకు అప్పటికే ఆపేశారు. అయినా అరిచాను, ఆ పిల్లలు ఎవరి మందు పీల్చి ఊపిరాడక వచ్చారో అందరికీ తెలుసునని. అక్కడ కాపలా ఉన్న పోలీసు డెప్యూటీ వచ్చి చెయ్యి చూపించాడు, కూర్చోమని. ఐదుగురు సభ్యుల్లో ముగ్గురు కంపెనీ పెద్దమనిషి పేరుకే ఓటు వేశారు.

బయట పార్కింగ్ లాట్‌లో లీల తన కారుకి ఆనుకుని నిలబడింది. "సారీ" అన్నాను.

"అమ్మ ఇక్కడే ఉంటుంది ఆంటీ. నా దగ్గరకి రమ్మంటే రాదు. బీపీకి ఆ క్లినిక్‌కే వెళ్ళాలి, ఈ ఊళ్ళో ఇంకోటి లేదు. నాన్న కూర్చున్న రూమ్‌కే వెళ్తుంది. గోడ మీద మాత్రం ఆ కంపెనీ ఆయన పేరు ఉంటుంది."

తిరుగు దారిలో నాకు ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. కెవిన్ మీద, రెండు పుస్తకాలు ఎత్తి చూపించినవాడి మీద. అందరికన్నా నా మీద.

ఆ ఏడాది చివరికి పద్ధతి మారింది. నేను రోజుకో మెయిలు పెట్టి విసిగించాను కాబట్టి మారింది. ఇప్పుడు కిందటి డిసెంబరులో లాక్ తర్వాతి మరణాలు కూడా పుస్తకంలోకి వస్తాయి. మీటింగ్‌లో కెవిన్ దాన్ని ప్రాసెస్ ఇంప్రూవ్‌మెంట్ అన్నాడు, అందరూ చప్పట్లు కొట్టారు. కొత్త పద్ధతి 2023 డిసెంబరు నుంచి వర్తిస్తుంది. డాక్టర్ వెంకటరత్నం అంతకు ఏడాది ముందు పోయాడు. వెనక్కి వెళ్ళి చేర్చడం కుదరదట.

ఇంత చూశాక నేను నేర్చుకున్నది చెబుతాను. ఇప్పుడు ఎవరు ఫోన్ చేసి ఏడ్చినా, "కనుక్కుని చెబుతాను, ఈలోగా మీ ప్రయత్నం మీరు ఆపకండి" అంటాను. మనిషివేనా అని నన్ను తిట్టినవాళ్ళున్నారు. తిట్టనీ. గోడ మీద ఆ పేరు పెట్టింది కౌన్సిలే. కానీ ఆ ఏడాది పొడుగునా సంతకాల కోసం ఊరంతా తిరగాల్సిన పిల్లని ఇంట్లో కూర్చోబెట్టింది నేను.