షామీర్‌పేట దారిలో సలీంగారిని దింపిన చోటు

పిల్లల్ని విహారయాత్రకు ఎక్కడికి తీసుకెళ్లాలన్న మాట స్టాఫ్ రూములో వచ్చినప్పుడు షామీర్‌పేట పేరు చెప్పింది సలీంగారే. సికింద్రాబాదులో మాది ఆడపిల్లల జూనియర్ కాలేజీ. ఆయన అక్కడ ఆటల మాస్టారు, నేను తెలుగు చెప్పేదాన్ని. జింకల పార్కు ఉంది, చెరువు ఉంది, కూర్చుని అన్నాలు తినడానికి చెట్ల నీడ ఉంది, చీకటి పడేలోపు ఎవరిళ్లకు వాళ్లు చేరిపోవచ్చు అన్నారాయన. అంతమంది పిల్లల్ని చూడని చోటికి తీసుకెళ్లడం దేనికి, ముందు మీరిద్దరూ వెళ్లి చూసి రండి అని ప్రిన్సిపాల్ గారు పురమాయించారు. అలా రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఒక డిసెంబరు శనివారం పొద్దున బయల్దేరాం. అటువైపు వెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. రాయకపోతే ఊపిరాడదని కూడా.

సలీంగారి గురించి ముందే చెప్పాలి. ఆయన పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చి నిజాం గుర్రపు దళంలో పనిచేసినవాళ్లు. వాళ్లను ఇక్కడ సిద్దీలంటారు. ఆయన తాత, తండ్రి, ఆయన అందరూ హైదరాబాదులోని ఏసీ గార్డ్స్‌లోనే పుట్టారు. నల్లటి మనిషి, ఆరడుగుల పొడుగు, బిగుతు ఉంగరాల జుట్టు. ఇంట్లో ఉర్దూ, బయట అచ్చమైన తెలంగాణ తెలుగు. ఇక నాది బాపట్ల. నేను హైదరాబాదు వచ్చి అప్పటికి రెండేళ్లే.

తిన్నగా షామీర్‌పేట వెళ్లేవాళ్లు సికింద్రాబాదులో కరీంనగర్ రోడ్డు బస్సెక్కితే అల్వాల్, తూముకుంట మీదుగా గంటలో దిగొచ్చు. మేం మాత్రం మేడ్చల్ మీదుగా చుట్టు తిరిగి వెళ్లాం. పిల్లల కోసం మాట్లాడాల్సిన బస్సు యజమాని మేడ్చల్లో ఉండేవాడు. ఎనిమిదింటికి సిటీ బస్సెక్కితే తొమ్మిది దాటాక మేడ్చల్ డిపో దగ్గర దించింది. బస్సు బేరం జల్దీగానే తెమిలింది. అప్పటికి ఆకలి దంచేస్తోంది.

డిపో ఎదురుగా రేకుల కింద ఒకావిడ దోసెలు పోస్తోంది. సలీంగారిని ఎగాదిగా చూసి, ఆయనతో కాక నాతో, "గీ సారు ఏ దేశమాయన మేడం? మన కారం తింటడా?" అంది. జవాబు ఆయనే చెప్పారు. "మస్తు తింట అక్కా. ఇంకింత పల్లి చట్నీ ఎయ్యి." ఆవిడ నాలిక కరుచుకుని, చట్నీతోపాటు ఇంకో దోసె కూడా వేసి, దానికి డబ్బులు పుచ్చుకోలేదు. అందరం నవ్వాం. అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను. దోసెలు మాత్రం చాలా బాగున్నాయి.

మేడ్చల్ నుంచి షామీర్‌పేటకు అడ్డరోడ్డు ఉంది, పదీ పన్నెండు కిలోమీటర్లు. షేర్ ఆటోలు దొరుకుతాయి గానీ నిండేదాకా కదలవు. మేం నూరు రూపాయలకు ఆటో మొత్తం మాట్లాడుకున్నాం. నడిపే అతని పేరు మల్లేశ్. దారికి రెండువైపులా ద్రాక్షతోటలు, మధ్యమధ్యలో తోట కొట్టేసి తెల్లరాళ్లు పాతిన ప్లాట్లు. తోటలమ్ముకున్న రెడ్లు ఇప్పుడు కార్లల్ల తిరుగుతున్నరని, తన మేనమామ మాత్రం అమ్మనని మొండికేసిండని మల్లేశ్ చెప్పుకుంటూ వస్తున్నాడు.

సగం దారిలో పోలీసు జీపు ఆగి ఉంది. మా ముందు వెళ్తున్న స్కూటరును చూడనైనా చూడకుండా వదిలేశారు. మా ఆటోను ఆపారు. కానిస్టేబుల్ లోపలికి తొంగిచూసి, సలీంగారితో ఇంగ్లీషులో దిగమన్నాడు, పాస్‌పోర్టు తీయమన్నాడు. ఆయన దిగి, తనది ఏసీ గార్డ్సని, కాలేజీలో పనిచేస్తానని తెలుగులో చెప్పారు. కాలేజీ కార్డు చూపించారు. జీపు దగ్గర నిలబడ్డ ఎస్సై ఆ కార్డు అటూ ఇటూ తిప్పి, దీంట్లో ఉద్యోగం ఉంది గానీ దేశం ఎక్కడుందని అడిగాడు. చదువుకోవడానికని వచ్చి, వీసా గడువు అయిపోయాక ఇటువైపు ఇళ్లు అద్దెకు తీసుకుని ఉండిపోతున్నవాళ్లు ఎక్కువయ్యారట. పైనుంచి ఆర్డరట.

మల్లేశ్ ఊరుకోలేదు. "సార్, గాయన మన లెక్కనే మాట్లాడుతుండు గద" అన్నాడు.

"భాషదేముంది, నాలుగేండ్లుంటే ఎవడన్నా నేర్చుకుంటడు" అన్నాడు ఎస్సై. విదేశీయుడు కాదని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత చట్టప్రకారం ఆ మనిషిదేనట. ఇంటి నుంచి ఎవరైనా రేషన్ కార్డో, పుట్టిన సర్టిఫికెట్టో తెచ్చేదాకా స్టేషన్లో కూర్చోవాల్సిందేనట. అంతవరకూ జీపు పక్కన కింద కూర్చోమన్నాడు. నలభై అయిదేళ్ల మనిషి, రోజూ పిల్లల్ని వెన్ను నిటారుగా పెట్టి నిలబడమని చెప్పే మనిషి, కంకర మీద గొంతుక్కూర్చున్నారు. తల మాత్రం వంచలేదు. ద్రాక్షతోట వైపు చూస్తున్నారు.

నేనింకా ఆటోలోనే ఉన్నాను. నన్ను దిగమని ఎవరూ అనలేదు. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు గానీ, ఉన్నాను. చివరికి దిగి, ఆయన మా కాలేజీ మాస్టారని, ఆయన కుటుంబం తరతరాలుగా హైదరాబాదులోనే ఉందని చెప్పాను. ఎస్సై గొంతు మారింది. మీదేవూరు మేడం అన్నాడు. బాపట్ల అన్నాను. ఇక్కడికొచ్చి ఎన్నాళ్లయిందంటే రెండేళ్లన్నాను. నా కార్డు అడగలేదు. అడిగినా లేదు, ఇంట్లో మర్చిపోయాను.

"మీరు చెప్తున్నరు గాబట్టి పంపిస్తున్న" అని సలీంగారిని లేవమన్నాడు.

నేను థాంక్యూ సార్ అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

అక్కడి నుంచి షామీర్‌పేట దాకా అదే ఆటోలో వెళ్లాం. దిగాక మల్లేశ్ నూరు రూపాయల్లో యాభై తిరిగి ఇవ్వబోతే సలీంగారు అతని గుప్పిట మూసేశారు. పార్కులో వచ్చిన పని శ్రద్ధగానే చేశాం. కుళాయిలో నీళ్లొస్తున్నాయో లేదో, బాత్‌రూములు ఎలా ఉన్నాయో, పిల్లలు ఎక్కడ కూర్చుంటే ఎండ తగలదో అన్నీ ఆయనే చూశారు. జింకలు కంచె దాకా వస్తాయి. చెరువుకట్ట మీద గాలి బాగుంటుంది, చలికాలంలో కొంగలు బారులు బారులుగా దిగుతాయి.

ఆ కట్ట మీదే నేను నోరు జారాను. మనసులో పెట్టుకోకండి సలీంగారూ, వాళ్ల డ్యూటీ వాళ్లది, మొత్తానికి నమ్మారుగా అన్నాను.

"మీరు చెప్పిందే నేను గూడ చెప్పిన మేడం. గదే మాట. నా నోట్లకెల్లి వస్తే అబద్ధమైంది, మీ నోట్లకెల్లి వస్తే నిజమైంది. మా తాత సమాధి గీ శహర్ల ఉంది. మీరొచ్చి రెండేండ్లు." ఆ తర్వాత నా ముఖం చూసి, "మీ మీద కోపం కాదు. మీరు లేకుంటే ఇంకా ఆడనే కూసుందును. గదే నాకు కష్టమైతాంది" అన్నారు.

పొద్దున దోసెల దగ్గర నేను నవ్విన నవ్వు గుర్తొచ్చి ఒళ్లంతా కుంచించుకుపోయింది. ఆయన కూడా నవ్వారు కదా అని సమాధానపడబోయాను. ఆయనకు అక్కడ నవ్వడం కాక ఇంకో దారేముంది?

రెండు వారాల తర్వాత పిల్లల్ని తీసుకెళ్లాం. సలీంగారు ప్లాస్టిక్ కవరొకటి పట్టుకుని బస్సెక్కారు. రేషన్ కార్డు, పదో తరగతి మెమో, ఓటరు కార్డు, వాళ్ల నాయిన పెన్షన్ కాగితాలు. పరీక్షకొస్తున్నారా సార్ అని పిల్లలు ఆటపట్టించారు. అవునమ్మా అన్నారాయన. దారిలో మమ్మల్ని ఎవరూ ఆపలేదు. కానీ ఆ రోజు త్రోబాల్ ఆడదాం రమ్మని పిల్లలు ఎంత బతిమాలినా ఆయన లేవలేదు. కవరు నేను పట్టుకుంటానన్నాను. వద్దు మేడం, నా దగ్గరే ఉండనియ్యండి అన్నారు. సాయంత్రం దాకా అది ఒళ్లోనే ఉంది.

చట్టం ఉండకూడదని నేననను. గడువు దాటినవాళ్లను వెతకడం సర్కారు పనే కావచ్చు. కానీ ఆ రోజు రోడ్డు మీద వెతికింది గడువు కోసం కాదు, రంగు కోసం, జుట్టు కోసం. ఆ వెతుకులాటలో నేను ఎవరికీ కనపడలేదు. ఏ కాగితమూ లేకుండా, ఏ అర్హతా లేకుండా, ఒక మనిషి పుట్టిన ఊరికి నేను సాక్షినయ్యాను. అంతటి పెద్దరికం నాకెవరిచ్చారో తలుచుకుంటే తల ఎత్తలేను.

అటు వెళ్లేవాళ్లు ఎండ ముదరకముందే వెళ్లండి, నీళ్లు వెంట తీసుకెళ్లండి. గుర్తింపు కార్డు పెట్టుకోండని కూడా చెప్తాను, కానీ ఆపుతారని భయమున్నవాళ్లకు కాదు, వాళ్ల దగ్గర ఎలాగూ ఉంటుంది. ఎన్నడూ ఎవరూ ఆపని మీకు చెప్తున్నాను. మీతో వచ్చిన మనిషిని దింపితే మీరూ వెంటనే దిగండి. అడగకపోయినా మీ కార్డు తీసి, నాది కూడా చూడండి అనండి.