మతేయో చెరువులో పెద్ద చేపలు

ఎలుబి చాంబో చేప ముట్టదు. ఎవరైనా వడ్డించబోతే "నాకు పడదు" అని పళ్లెం పక్కకి లాక్కుంటుంది. మలావీ సరస్సు ఒడ్డున పుట్టి పెరిగిన మనిషికి చాంబో పడకపోవడమేమిటని కొత్త కోడళ్లు నవ్వుకుంటారు. ఊళ్లో పాతవాళ్లు నవ్వరు, మాట మార్చేస్తారు.

ఆమె మొగుడు మతేయో యూనివర్సిటీ చేపల చెరువుల్లో పనిచేసేవాడు. సరస్సులో చాంబో తగ్గిపోతోంది. చెరువులో పెంచుదామంటే వేలెడు పెరిగి ఆగిపోతుంది. అందుకని ఆ యూనివర్సిటీవాళ్లూ, నార్వే నుంచి వచ్చే మరో యూనివర్సిటీవాళ్లూ కలిసి ఒక పని తలపెట్టారు. త్వరగా ఎదిగినవాటినే ఏరి, వాటి పిల్లల్లోంచి మళ్లీ ఏరి, పేదవాడి గుంటలో కూడా పళ్లెం నిండేంత పెరిగే చేపని తయారుచేయాలని. ఆ ఏరడంలోనే మతేయో జుట్టు నెరిసిపోయింది.

అన్నీ ఒకేచోట ఉంటే ప్రమాదమని, ఆ పని చూసే డాక్టర్ కలింబా సగం చేపల్ని మతేయో ఇంటి వెనక చెరువులో వేయించాడు.

"ఇవి నా బిడ్డలనుకో మతేయో."

"తవుడు నాదీ, బిడ్డలు మీవీనా డాక్టరుగారూ? బాగుంది బేరం!"

ఆ ఎండాకాలం యూనివర్సిటీ చెరువులకి గాలి కొట్టే మోటారు కాలిపోయింది. తెల్లారేసరికి అక్కడి చేపలన్నీ తెల్లటి పొట్టలతో తేలాయి. ఇక మిగిలినవి మతేయో చెరువులోవే. వానలు పడగానే నార్వేవాళ్లు వస్తారు, వీటి పిల్లల్ని ఊరూరా పంచుతారు.

"ఈ సంగతి ఎవరికీ చెప్పకు. విలువ తెలిస్తే రాత్రికి రాత్రే వల వేస్తారు" అన్నాడు మతేయో. ఎలుబి చెప్పలేదు.

వానలు మొదలవకముందే అతనికి జ్వరం వచ్చింది. ఆసుపత్రి నుంచి శవాన్నే తెచ్చారు.

ఎలుబిని గదిలో శవం పక్కన చాప మీద కూర్చోబెట్టి నెత్తిన గుడ్డ కప్పారు. మట్టి చేసి వచ్చేదాకా పెళ్లాం ఏడవాలే తప్ప మాట్లాడకూడదు. బయట గొయ్యి తవ్వేవాళ్లు వచ్చారు. వాళ్లని మనవళ్లంటారు. చావింట్లో వాళ్లు ఏమన్నా పడాలి, ఏం అడిగినా పెట్టాలి. కోడి కావాలంటే కోడి, మేక కావాలంటే మేక.

"ఏమే ముసలమ్మల్లారా!" మనవళ్ల పెద్ద చిసాలే గొంతు గోడ ఇవతలికి వినిపించింది. "ఆకుకూర పెట్టి గొయ్యి తవ్విస్తారా? తాత చెరువు నిండా చేపలు దాచుకుని పోయాడు, మాకేమో ఆకులా? గొయ్యి మోకాలి లోతే తవ్వుతాం, చూస్కోండి!"

"పట్టుకోరా, నీ నోరు మూయించడానికైనా" అంది మతేయో పెద్దక్క. "పట్టేదేదో పెద్దవే పట్టు. నా తమ్ముడి చావుకి వేలెడేసి చేపలు పెట్టారన్న మాట రాకూడదు."

ఎలుబి పక్కనున్న ఆడపడుచు ఫెయినెసి చేతిని గట్టిగా నొక్కింది.

"ఏడు వదినా, ఏడు. మనసు తేలికపడుతుంది" అంది ఫెయినెసి.

వద్దని ఒక్క మాట అంటే చాలు. కానీ మొగుడి శవం పక్కన కూర్చుని చేపల గురించి మాట్లాడిన ఆడదాన్ని ఆ ఊరు ఏమంటుందో ఆమెకి తెలుసు. మొగుడి చావు కోసమే కాచుక్కూర్చుందంటారు. మందు పెట్టిందని కూడా అంటారు. నాలుక చివరిదాకా వచ్చిన మాట అక్కడే ఏడుపైపోయింది.

వల నీళ్లలో పడిన చప్పుడు విన్నది. ఆ తర్వాత నవ్వులు.

"ఒరేయ్, దీని నోటి నిండా గుడ్లేరా!"

"తల్లి చేప కదా, నోట్లోనే మోస్తుంది. కడిగి కూరలో వెయ్!"

మధ్యాహ్నానికి చేపల కూర వాసన గదిలోకి వచ్చింది. ఫెయినెసి మొక్కజొన్న పిండితో వండిన న్సీమా ముద్ద, పక్కన ఇంత చేప తలకాయ పెట్టి తెచ్చింది. "నీకని తీసి ఉంచారు వదినా. ఇంత పెద్దది సరస్సులోనైనా చూశామా! పుణ్యాత్ముడు, పోతూ పోతూ ఊరందరికీ పెట్టాడు."

మట్టి చేసే వేళకి డాక్టర్ కలింబా వచ్చాడు. అంతా అయ్యాక ఒక్కడే చెరువు దగ్గరికి వెళ్లి, కలకబారిన నీళ్లకేసి చూశాడు. ఒక్క పెద్ద చేపా మిగల్లేదు. తిరిగొచ్చి ఎలుబి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"వల వేస్తున్న సంగతి నీకు తెలియలేదా అమ్మా?"

"చాప మీదున్నాను నాయనా."

ఆయన తలూపాడు. ఆయనా ఆ నేల మీద పుట్టినవాడే. మళ్లీ అడగలేదు. ఒక్కసారి తిట్టి ఉంటే ఎలుబికి కాస్త ఊపిరాడేదేమో.

నార్వేవాళ్లు వచ్చారు, చూశారు, మతేయో గోరీ మీద పూలు పెట్టి వెళ్లారు. సరస్సులోంచి మళ్లీ మామూలు చేపల్ని తెచ్చి, ఏరడం మొదటినుంచి మొదలుపెట్టారు. చెరువు ఇస్తావా అని కలింబా అడిగితే ఎలుబి కాదనలేదు. తవుడు తనే వేస్తుంది. ఇప్పుడు ఊళ్లో ఎవరు పలకరించినా, ఆఖరికి చావింట్లోనైనా సరే, ఆ చేపలు ఎందుకో, ఏమిటో అడక్కుండానే చెబుతుంది. వినీ వినీ విసుగెత్తి "తెలుసులే అమ్మమ్మా" అంటారు పిల్లలు.

యూనివర్సిటీవాళ్లు వల లాగిన రోజున గట్టు మీద కూర్చుని ఒక చేపని అరచేతిలో పెట్టుకుంటుంది. మతేయోవి మణికట్టు దాటి ముంజేతి మీదికి వచ్చేవి. ఇవి ఇంకా వేళ్ల పొడవు దాటలేదు. తోక కొట్టుకుంటుంటే కాసేపు చూసి, నీళ్లలోకి వదిలేస్తుంది.