కుక్కర్‌లో ఉడికిన బొప్పాయి

ఈస్టర్‌కు ముందు నలభై రోజులు మా ఇంట్లో మాంసం వండరు. ఆ ఏడు సరిగ్గా ఆ రోజుల్లోనే నాయనమ్మకు ఆరు పళ్లు పీకించవలసి వచ్చింది. మిగిలినవి నాలుగు, అవి కూడా ఒకదానికొకటి ఎదురుపడవు. అయినా పండుగనాటి మటన్ వేపుడు మీద ఆమె ఆశ రవ్వంత తగ్గలేదు.

"మెత్తగుంటె తింట. లేకుంటె వాసన చూసి ఊకుంట," అని ముందే చెప్పింది.

వండే పని నేను అడిగి తీసుకున్నాను. హనుమకొండలోని ఒక కళాశాలలో జీవరసాయన శాస్త్రం బోధిస్తాను. మాంసాన్ని మెత్తబరిచే పచ్చి బొప్పాయి ఎంజైము గురించి అంతకు ముందు వారమే పాఠం చెప్పాను. ఆ ఎంజైము ఒక ప్రోటీను. రెండు వందల పన్నెండు అమైనో ఆమ్లాలు పూసల్లా గుచ్చిన దండ. చాచి ఉంచితే దేనికీ పనికిరాదు. అది ముడుచుకుని, నడుమ ఒక గాడి ఏర్పడి, దండలో దూరదూరంగా ఉన్న రెండు పూసలు ఆ గాడిలో ఎదురెదురుగా నిలిచినప్పుడే మాంసపు పోగులను కత్తిరించగలదు. ఆకారం ఉంటేనే పని అని బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను.

పండుగ ఉదయం చర్చి నుంచి రాగానే కిలో మాంసానికి నలభై గ్రాముల కాయ తూచాను. పచ్చి ముక్కలు మిక్సీలో గరుకుగా తిరిగాయి. ముద్ద సమంగా రావాలని వాటిని కుక్కర్‌లో పెట్టి మూడు విజిల్స్ రానిచ్చాను. వెన్నలాంటి ముద్ద వచ్చింది. చల్లార్చి మాంసానికి పట్టించి, గంటసేపు ఉంచాను. మూకుడు చిన్నది కనుక ముందు సగం వేయించి, ఒక ముక్క నాయనమ్మ చేతికిచ్చాను.

ఆమె దాన్ని కుడి బుగ్గ నుంచి ఎడమ బుగ్గకు, మళ్లీ కుడి బుగ్గకు మార్చి, చివరకు బయటికి తీసింది.

"ఇది మేకనా, సైకిల్ ట్యూబా?"

"బొప్పాయి పెట్టిన నాయనమ్మా. గంటసేపు నానింది."

"పచ్చిదేనా?"

"కుక్కర్ల ఉడికిచ్చి నూరిన. మెత్తగ వస్తదని."

"మెత్తగైంది కాయ. కూర కాదు."

అమ్మ నవ్వు ఆపుకోలేదు. "సారుకు నౌకరి ఇచ్చినోళ్లకు జర గీ ముక్క పంపియాలె."

అప్పుడు గాని నాకు వెలగలేదు. పూసలు అన్నీ ఉన్నాయి, వరుస కూడా మారలేదు; కుక్కర్ వేడికి ముడత ఊడి, దండ చిక్కుపడి, గాడి పోయింది. నేను రెండు గీతలు గీసి చెప్పిన సంగతినే మూడు విజిల్స్‌తో చెరిపేశాను.

"ఫికర్ చెయ్యకు కొడుకా. ఇంక సగం ఉన్నది గద," అంటూ నాయనమ్మ మిగిలిన పచ్చి కాయను, దాని నుంచి కారే తెల్లని పాలతో సహా, తానే తురిమింది. తూకం లేదు, గడియారం లేదు. పట్టించి, అప్పుడప్పుడు ఒక ముక్కను బొటనవేలితో నొక్కి చూసింది. వేలు దిగినప్పుడు, "ఇగ పెట్టు పొయ్యి మీద," అంది.

మధ్యాహ్నం ఆ నాలుగు పళ్లతో ఏడు ముక్కలు తిని, ఎనిమిదో దానికి పళ్లెం చాపింది. మొదటి మూకుడు వేపుడు రెండు రోజులు నా టిఫిన్ డబ్బాలో కళాశాలకు వచ్చింది. స్టాఫ్ రూములో ఎవరికీ పెట్టకుండా, నిదానంగా, నేనే నమిలాను.